పట్టా మీద పేరు

కారంపూడిలో చలమయ్య ట్రాక్టరుకు ఏడాదికి రెండు యాత్రలు. శివరాత్రికి కోటప్పకొండ, కార్తీక పున్నమికి సూర్యలంక సముద్రం. మిగిలిన రోజులన్నీ అది దున్నుతుంది, మోస్తుంది, మొరాయిస్తుంది. ఆ రెండుసార్లు మాత్రం వెనక తగిలించే ట్రక్కును కడిగి, వెదురు బద్దలు వంచి గూడు కట్టి, గూడు మీద పట్టా కప్పి, అడుగున వరిగడ్డి పరిచి, గడ్డి మీద బొంతలు పరిచి, బొంతల మీద కుటుంబాన్ని పరిచి బయలుదేరుతారు. వెళ్ళిన చోట లాడ్జి గది అడగరు, సత్రం తలుపు తట్టరు. ట్రక్కే ఇల్లు. ట్రక్కు పక్కన దించిన గ్యాసు పొయ్యే వంటిల్లు.

వెళ్ళేటప్పుడు సామాను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ఎవరికీ రాదు. ట్రక్కు పెద్దది. తిరిగి వచ్చాకే ఆ ప్రశ్న వస్తుంది. దానికి ఆ ఇంట్లో మొదటినుంచీ ఒకటే జవాబు, మేడ మీది గది.

ఆ గదిలో తూర్పు గోడకు ఆనుకుని, మడత మీద మడతగా, మేత మేసిన గేదెలాగా పట్టా పడుకుని ఉంటుంది. పట్టా మీద బొంతలు, బొంతల మీద డేగిసాలు, డేగిసాల్లో గరిటెలు, గరిటెల నడుమ కిందటి యాత్రలో మిగిలిన ఉప్పు. ఒక మూల గుంజలు, ఇంకో మూల మోకులు. కిటికీలో ఛార్జింగు లైట్లు. అవి వెలగవు, వాటిని పారెయ్యరు. గుమ్మం పక్కన ఒంటి రబ్బరు చెప్పు. అది ఇంట్లో ఎవరిదీ కాదు. ఒక శివరాత్రినాడు కొండ దగ్గర ట్రక్కులో దొరికింది. ఎవరిదో, అడుగుతారేమోనని చలమయ్య దాచాడు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

చలమయ్య కోడలు అమూల్యకు కావలసింది ఆ గది.

అమూల్య శావల్యాపురం నుంచి ఈ ఇంటికి వస్తూ తనతో ఒక మగ్గం తెచ్చుకుంది. నేత మగ్గం కాదు. మంచమంత చెక్క చట్రం. దాని మీద గుడ్డను బిగించి, సూదితో జరీ, పూసలు, ముత్యాలు కుడుతుంది. పెళ్ళికూతుళ్ళ జాకెట్ల మీద నెమళ్ళు కుడుతుంది, ఏనుగులు కుడుతుంది, అడిగినవాళ్ళకు వధూవరుల పేర్లు కుడుతుంది. మగ్గం వసారాలో ఉంది. వసారాలో గాలి ఉంది, గాలిలో కళ్ళాల నుంచి వచ్చే మిరప దుమ్ము ఉంది, దుమ్ములో కోళ్ళున్నాయి.

నరసరావుపేటలో బట్టల షాపు నడిపే దీపశ్రీ పని చూద్దామని శివరాత్రి వెళ్ళిన వారంలో వచ్చింది. నెమలిని చూసి చానా బాగుందంది. ఆమె బాగుందంటూ ఉండగానే ఒక కోడిపెట్ట ఆ నెమలి మీదుగా ఈ పక్కనుంచి ఆ పక్కకు నడిచి వెళ్ళింది.

దీపశ్రీ కోడి వెళ్ళేదాకా ఆగింది.

"పనికి వంక పెట్టను అమూల్యా. మా షాపు జాకెట్లన్నీ నీకే పంపిద్దామనుకున్నా. కానీ తలుపున్న గది కావాలి. ఉగాదిలోపు గది చూసుకుంటే ఫోన్ చెయ్యి. లేకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తా, ఏమనుకోబాక."

అమూల్య ఏమీ అనుకోలేదు. నెమలి మీది దుమ్ము దులిపి, మేడమెట్ల వంక చూసింది.

ముందు అత్తగారిని అడిగింది. కోటేశ్వరమ్మ చిక్కుడుకాయలు ఈనె తీస్తూ చెప్పింది. "నాదైతే ఇచ్చేదాన్నే. ఆ గది నాది గాదమ్మా, సామానుది."

తర్వాత భర్తను అడిగింది. శ్రీనాథ్ చానాసేపు ఆలోచించాడు. "నాన్నని అడుగు," అన్నాడు.

చలమయ్య టీవీ చూస్తున్నాడు. చూస్తూనే విన్నాడు. విని, న్యాయమైన మాటే అన్నాడు.

"సామానుకి చోటు చూపించు. గది నీదే."

అమూల్య వెళ్ళబోయింది.

"కింద పెట్టగూడదు, చెద పడుతుంది," అన్నాడు చలమయ్య. "అటక మీద పెట్టగూడదు, నా మోకాళ్ళు ఎక్కలేవు. బయట పెట్టగూడదు, ఎండకి పోతాయి. ఎవడికంటే వాడికి కనపడగూడదు, ఎరవడుగుతారు. నాకు మాత్రం కనపడాలి."

"సరే మామయ్యా," అంది అమూల్య. ఆ షరతులన్నీ నెరవేరే చోటు భూమ్మీద ఉందో లేదో ఆమెకు తెలియదు. అయినా మర్నాడే గది తలుపు తెరిచి, కొంగు బిగించింది.

వెల్డింగు పనిచేసే వసీం వచ్చి, ట్రక్కు అడుగున ఇరుసుకు ముందు పొడుగాటి ఇనప పెట్టె ఒకటి అతికాడు. గుంజలు, మేకులు, మోకులు, సుత్తి అందులోకి వెళ్ళాయి. చలమయ్య వంగి చూశాడు.

"ట్రక్కుని దొంగలెత్తుకుపోతే గుంజలు గూడా పోతాయి గదా."

"ట్రక్కు పోయినాక గుంజలు మనమేం చేసుకుంటాం మామయ్యా?"

చలమయ్య ఆలోచించాడు. గుంజలతో చేయదగిన పని ఒక్కటీ తోచలేదు. "చూద్దాం," అన్నాడు.

బొంతలను అమూల్య ఎండబెట్టి, చుట్టలు చుట్టి, పువ్వుల గలేబుల్లో దూర్చి, హాల్లో దివాను మీద దిండ్లుగా పేర్చింది. చుట్టాలు వాటికి ఆనుకుని బాగున్నాయన్నారు. డేగిసాలు ఒకదానిలో ఒకటి కూర్చున్నాయి. అన్నిటికన్నా చిన్నదాని కడుపులో పొయ్యి కూర్చుంది. అన్నీ కలిసి ఇనప మంచం కింద ఇటుకల మీద కూర్చున్నాయి. ఉప్పూ కారం డబ్బాలు కడిగించుకుని వంటింటి పై అరలోకి పోయాయి. వెలగని లైట్లలో ఒకటి వసీం చేతిలో వెలిగింది. మిగిలినవాటిని చలమయ్య చూడనప్పుడు పాత ఇనుము బండికి వేసేసింది.

ఎక్కడిది ఎక్కడుందో తెలియాలి కదా. కాగితాలు అతికిస్తే ఊడిపోతాయి. అమూల్యకు సూది చేతిలో పని. జాకెట్లలో మిగిలిన పట్టు పీలికలు తీసుకుని, ఒక్కొక్క దాని మీద వస్తువు పేరూ, అది ఉండే చోటూ ఎర్రదారంతో కుట్టి, ఆ వస్తువుకు తగిలించింది. మోకులు – ట్రక్కు పెట్టె. పొయ్యి – ఇనప మంచం. బొంతలు – దివాను. పల్నాటిలో ఏ గరిటెకూ జరగని గౌరవం ఆ ఇంటి గరిటెలకు జరిగింది.

ప్రతి వస్తువునూ చలమయ్య వచ్చి చూశాడు. చూసిన ప్రతిసారీ చూద్దామనే అన్నాడు. ఆ మాట ఆయన నోట ఎన్నో ఏళ్ళుగా ఉంది. అందులో అవుననీ లేదు, కాదనీ లేదు. ఎదుటి మనిషి అలిసిపోవడం మాత్రం ఉంది.

చివరికి గదిలో పట్టా ఒక్కటే మిగిలింది.

అది మామూలు పట్టా కాదు. నీలం రంగుది, మందమైనది, ఈ ట్రక్కు కొలతకు కుట్టించినది. ఒక ఏడు వర్షానికి భయపడి దాన్ని కళ్ళంలో మిరపకాయల మీద కప్పారు. ఆ యేటి యాత్రలో ఇంటిల్లిపాదీ దాని కింద పడుకుని సముద్రం చేరేదాకా తుమ్మారు, సముద్రంలో మునిగి తుమ్మారు, తిరిగి వస్తూ తుమ్మారు. అప్పటినుంచి చలమయ్య ఆ పట్టాను మిరపకాయల దరిదాపులకు రానివ్వడు, అడిగినవాళ్ళకు ఇవ్వడు.

"పట్టా ఉన్నన్నాళ్ళూ గది పట్టాదే," అన్నాడు ఆయన. "దాన్ని ఎలకలు కొట్టకుండా ఎక్కడ పెడతావో చెప్పు."

అమూల్య ఇల్లంతా వెతికింది. అంత పట్టా పట్టే చోటు ఇంట్లో లేదు.

చలమయ్య ఇంటికీ, పొరుగున బసవమ్మ ఇంటికీ నడుమ ఒక ఖాళీ దొడ్డి ఉంది. ట్రక్కు నిలబడేది అక్కడే. ఆ దొడ్డి చలమయ్యకూ, తమ్ముడు లక్ష్మీనారాయణకూ ఉమ్మడి. కాగితాల మీద పేరు మాత్రం పెద్దవాడిది. ఆ విషయమై అన్నదమ్ములు ఎన్నడూ పోట్లాడలేదు. పోట్లాడాల్సి వస్తుందేమోనని ఎన్నడూ మాట్లాడలేదు.

బసవమ్మ గేదెలను మేపుకుంటూ, పాల కేంద్రానికి పాలు పోసుకుంటూ బతికే మనిషి. పొలం కౌలుకిచ్చాక ఆమె ధాన్యం కొట్టు ఖాళీగా ఉంది. దానికి ఇనప తలుపుంది. ఎలకలు లేవు, పిల్లి ఉంది. దొడ్డి గోడ మీదుగా అమూల్య అడిగింది.

"పిన్నీ, మా పట్టా మీ కొట్లో పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోమ్మాయ్. నాకేం, దానికి మేతెయ్యాల్నా?"

చలమయ్యకు చెప్పారు. ఆయన టీవీ నుంచి కళ్ళు తిప్పలేదు. "బసవమ్మ కొట్లోనా. సరే, పెట్టి చూడండి. గది సంగతి తర్వాత చూద్దాం."

శ్రీనాథ్, వసీం చెరో పక్కా మోసి పట్టాను గోడ దాటించారు. మిగిలిన వాటిలాగే దానికీ ఒక గుర్తు ఉండాలి. అమూల్య కొట్టు గుమ్మంలో కూర్చుని, ఎర్రని పట్టు పీలిక మీద అక్షరాలు పెద్దవిగా కుట్టి, పట్టా అంచున బిగించింది. పట్టా – బసవమ్మ పిన్ని.

బసవమ్మ పక్కనే నిలబడి చూసింది.

"అదేంది, నా పేరే?"

"నీ పేరే పిన్నీ."

బసవమ్మ ఆ అక్షరాలను వేలితో తడిమింది. రేషను కార్డు మీద తప్ప ఆమె పేరు ఎక్కడా ఎవరూ రాయలేదు. ఇంత ఎర్రగా అసలే రాయలేదు. అంత సంతోషాన్ని ఒక్క మనిషి మొయ్యడం కష్టం. అందుకని ఆ సాయంత్రం పాల కేంద్రం దగ్గర పాలతోపాటు దాన్ని కూడా దించింది.

"చలమయ్యన్న పట్టా మా ఇంట్లోనే ఉంది. నా పేరు మీదే ఉంది. కోడలు పిల్ల దగ్గరుండి చేయించింది."

ఆమె చెప్పినవన్నీ నిజాలే. వరసలో ఆమె వెనక నిలబడి విన్నది మాత్రం లక్ష్మీనారాయణ భార్య యశోద. కప్పుకునే దాన్ని ఆ ఊళ్ళో పట్టా అంటారు, స్థలం హక్కు కాగితాన్నీ పట్టా అంటారు. యశోద ఇంట్లో ఏ ట్రక్కూ లేదు. ఆమెకు తోచిన పట్టా రెండోదే.

పాలు పొయ్యకుండానే ఇంటికి వెళ్ళింది.

"ఏమయ్యా, దొడ్డి పట్టా మీ అన్న బసవమ్మ పేరు మీద పెట్టాడంట. కాయితం ఆమె ఇంట్లోనే ఉందంట."

లక్ష్మీనారాయణ అన్నను అడగలేదు. అడిగితే నిజమో కాదో తేలిపోతుంది. తిన్నగా గోపాలకృష్ణయ్య దగ్గరికి వెళ్ళాడు. గోపాలకృష్ణయ్య ఒకప్పుడు సర్పంచి. ఇప్పుడు కాదుగానీ ఆ విషయం ఆయనకు ఎవరూ గుర్తు చెయ్యరు.

ఆదివారం పొద్దున అమూల్య వసారాలో మగ్గం ముందు కూర్చుని ఉంది. ఉగాది ఆ వారంలోనే. దీపశ్రీకి చేయాల్సిన ఫోను ఇంకా చేయలేదు. పట్టా గది దాటినా తాళంచెవి మామగారి మొలతాడుకే ఉంది. తలెత్తేసరికి దొడ్లో ట్రక్కు పక్కన గోపాలకృష్ణయ్య, లక్ష్మీనారాయణ, యశోద, ఇంకా వీధిలో పని లేనివాళ్ళు కొందరు నిలబడి ఉన్నారు. చలమయ్య నోట్లో బ్రష్షుతో బయటికి వచ్చాడు.

"ఏంది బాబాయ్, పొద్దున్నే?"

"పట్టా సంగతి మాట్లాడదామని," అన్నాడు గోపాలకృష్ణయ్య.

చలమయ్య నోరు పుక్కిలించి ఉమ్మాడు. కళ్ళాల కాలం. ఆకాశంలో మబ్బు కూడా ఉంది. ఎందుకొచ్చారో ఆయనకు అర్థమైంది.

"ఇవ్వను. మిరపకాయలకి ఎవరికీ ఇవ్వను."

"మిరపకాయలేంది?"

"మరి దేనికి?"

"చూడ్డానికి."

"చూసేదానికి ఏముంటుంది బాబాయ్ అందులో. నీలంగా ఉంటది."

గోపాలకృష్ణయ్య ఆ మాటను కాసేపు పక్కన పెట్టాడు. "అది బసవమ్మ ఇంట్లో ఉందంట?"

"ఉంది."

యశోద భర్తను మోచేత్తో పొడిచింది.

"నీ ఇష్టంతోనే ఇచ్చినావా?"

"నేనే పెట్టి చూడమన్నా."

"ఆమె పేరు గూడా రాసినారంట?"

"మా కోడలు కుట్టింది."

"కుట్టిందా?"

"ఎర్రదారంతో."

గోపాలకృష్ణయ్య తన జీవితంలో చానా పట్టాలు చూశాడు. దొంగవి చూశాడు, చెదలు తిన్నవి చూశాడు, ఒకే స్థలానికి ముగ్గురి పేరున ఉన్నవి చూశాడు. కుట్టినది చూడలేదు. ఆయన గొంతు తగ్గించాడు.

"మరి నీ తమ్ముడి వాటా ఏంది చలమయ్యా?"

"వాడికేం, వాడూ కప్పుకోవచ్చు. నేనెప్పుడన్నా కాదన్నానా? కిందటి శివరాత్రికి కొండ దగ్గర సగం వాడే లాక్కున్నాడు. నేను చలికి వణికా."

లక్ష్మీనారాయణకు కొండ దగ్గర తాను లాక్కున్న స్థలం ఏదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

వసారాలో అమూల్య చేతిలో సూది ఆగింది. అందరికన్నా ముందు ఆమెకు అర్థమైంది. రెండు మాటలు చెబితే అందరూ ఇళ్ళకు పోతారు. మామగారు టీవీ ముందుకు పోతాడు. చూద్దామన్న మాట చూద్దామన్న చోటే ఉంటుంది. ఆమె ఆ రెండు మాటలూ చెప్పలేదు. సూదిని గుడ్డలో గుచ్చి, లేచి, దొడ్లోకి వచ్చింది. పెద్దల ముందు ఆమె ఎప్పుడూ మాట్లాడి ఎరగదు.

"పట్టా ఇక్కడికే తెప్పిస్తా తాతయ్యా. అందరూ చూడొచ్చు. నలుగురు రావాలి."

"పట్టాకి నలుగురెందుకమ్మా?"

"బరువు."

గోపాలకృష్ణయ్య లక్ష్మీనారాయణ వంక చూశాడు. లక్ష్మీనారాయణ గోడ వంక చూశాడు. పట్టా తేవడానికి వెళ్ళిన నలుగురిలో లక్ష్మీనారాయణ కూడా ఒకడు. ధాన్యం కొట్టులోంచి వెనక్కి నడుస్తూ, నీలం మూట ఒక కొస మోస్తూ, ముఖాన ఏ భావమూ లేకుండా ఆయన తిరిగి రావడం దొడ్లో ఉన్నవాళ్ళంతా చూశారు. ముందు బసవమ్మ, చంకలో పిల్లితో నడిచింది.

పట్టాను ట్రక్కు ముందు దించి విప్పారు. మడతలు విడుతూ విడుతూ అది దొడ్డంతా పరుచుకుంది. ఉమ్మడి స్థలంలో పట్టా కిందికి రానిది ఒక్క అంగుళం కూడా మిగల్లేదు. గోపాలకృష్ణయ్య కళ్ళజోడు సర్దుకుని, అంచు దగ్గర వంగి, ఎర్రపీలికను చదివాడు.

"పేరైతే ఉంది," అన్నాడు.

యశోద పమిట అంచు చూసుకుంటూ, "నేను పాలు పొయ్యాల," అంది. కానీ కదల్లేదు.

పొరపాటు పడ్డామని ఎవరో ఒకరు అనాలి. ఎవరూ అనలేదు. ఆదివారం పొద్దున్నే అంతమందిని వెంటేసుకుని వచ్చిన లక్ష్మీనారాయణ ఉత్త చేతులతో వెనక్కి పోలేడు. ఏదో ఒక ఫిర్యాదు కావాలి. వెతికితే దొరికింది.

"అయినా నాకు తెలవక అడుగుతా అన్నయ్యా. ఇన్నేళ్ళు మేడ మీదున్న పట్టాని పొరుగింట్లో ఎందుకు పెట్టినావు? పక్క వీధిలో తమ్ముడున్నాడు గదా. నా ఇంట్లో చోటు లేదా? నేను దాచుకుంటానని భయమా?"

"అది అడుగు," అంది యశోద.

గోపాలకృష్ణయ్య తలూపాడు. ఇది జవాబు చెప్పవలసిన ప్రశ్నే.

చలమయ్య ట్రక్కు వంక చూశాడు. మబ్బు వంక చూశాడు. తమ్ముడి మీద నమ్మకం లేదనలేడు, నలుగురూ ఉన్నారు. ఊరికే పెట్టాననలేడు, అది ఇంకా తప్పు. చూద్దామనీ అనలేడు, అది జరిగిపోయిన పని. ఆయన చూపు తిరిగి తిరిగి అమూల్య దగ్గర ఆగింది. అమూల్య పట్టా అంచు సరిచేస్తూ తల దించుకుని ఉంది.

"గది ఖాళీ చెయ్యాల్సొచ్చింది," అన్నాడు చలమయ్య.

"ఎందుకు?"

"కోడలికి ఇచ్చా."

"ఆ మేడ మీది గదేనా?" అన్నాడు లక్ష్మీనారాయణ. చిన్నప్పటినుంచీ అన్న దగ్గర్నుంచి ఒక బొంగరం కూడా సులువుగా తీసుకోలేనివాడు. "ఇచ్చినావా, ఇస్తానన్నావా?"

"ఇచ్చా అంటున్నా గదరా. మగ్గం పెట్టుకోవడానికి. అందుకే హడావిడిగా పట్టా పక్కింటికి పోయింది. నీ దగ్గరికి తెచ్చే టైమేది?"

"అట్టా చెప్పు," అన్నాడు లక్ష్మీనారాయణ.

"అయితే గది అమూల్యది," అన్నాడు గోపాలకృష్ణయ్య, అందుకే వచ్చినట్టు. "పట్టా బసవమ్మది. దొడ్డి ఇద్దరన్నదమ్ములది. ఇంకేమన్నా ఉన్నాయా?"

ఇంకేమీ లేవు. పరిచిన పట్టా ఉంది కాబట్టి అందరూ దాని మీదే కూర్చున్నారు. కోటేశ్వరమ్మ టీ తెచ్చింది. పట్టా మందం బాగుందని వీధివాళ్ళు మెచ్చుకున్నారు. మిరపకాయల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

"అన్నా, కార్తీకానికి సముద్రానికి నేనూ వస్తా," అంది బసవమ్మ పిల్లి వీపు రాస్తూ.

"ట్రక్కులో చోటు చూసుకోవాలి," అన్నాడు చలమయ్య.

"నా పట్టా కింద నాకు చోటు ఉండదా?"

గోపాలకృష్ణయ్య టీ గ్లాసు కింద పెట్టి, ఆమె మాటలో న్యాయం ఉందన్నాడు.

అందరూ వెళ్ళాక చలమయ్య మొలతాడు నుంచి తాళంచెవి తీసి, మగ్గం అంచు మీద పెట్టాడు. "తలుపు కొంచెం బిగుసుకుంటది," అన్నాడు. "ఎత్తి తొయ్యాల."

మధ్యాహ్నానికి శ్రీనాథ్ మగ్గాన్ని పైకి మోశాడు. నాన్నను అడగకుండా చేసిన మొదటి పని కనుక రెండుసార్లు గోడకు కొట్టాడు. అమూల్య గది కడిగింది. తూర్పు గోడ మీద పట్టా ఆనిన మేర రంగు వెలిసిపోక, పెద్ద చతురస్రంగా నిలిచి ఉంది. దాని ముందే మగ్గం వేసింది. కిటికీ నుంచి వెలుగు తిన్నగా గుడ్డ మీద పడింది. దీపశ్రీకి ఫోన్ చేసి, తలుపున్న గది అని చెప్పింది. తలుపును ఎత్తి తోసి, మూసి, ఆ చప్పుడు కూడా ఫోనులో వినిపించింది.

సాయంత్రం ఆమె నెమలికి కన్ను కుడుతుండగా మెట్ల మీద అడుగులు వినిపించాయి. మోకాళ్ళు పట్టుకుంటూ, మధ్యలో ఆగుతూ చలమయ్య పైకి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. చేతిలో ఆ ఒంటి రబ్బరు చెప్పు ఉంది. గది కడిగేటప్పుడు అమూల్య దాన్ని తుడిచి, మెట్ల కింద పెట్టింది.

"దీనికి పీలిక లేదు," అన్నాడు ఆయన.

"దాని పేరేం కుట్టాలో తోచలేదు మామయ్యా."

"ఎవరన్నా అడిగితే ఎక్కడుందని చెప్పాల?"

చలమయ్య గదంతా కలయజూశాడు. మగ్గం చూశాడు, కిటికీ చూశాడు, గోడ మీద పట్టా వదిలి వెళ్ళిన నీడ చూశాడు. లోపలికి అడుగు పెట్టలేదు.

"ఈ ఒక్కటీ ఇక్కడ, గుమ్మం పక్కన ఉంటే నీకేమన్నా అడ్డమా అమ్మాయ్?"

అమూల్య దారం కొరికింది. సూదిలోకి కొత్త దారం ఎక్కించింది. వెలుగుకు ఎత్తి, ముడి వేసింది.

"చూద్దాం మామయ్యా," అంది.